అరవై మణుగులా, ముప్పై తలాంతులా? హిజ్కియా పాఠం చెప్పిన ఆరు వారాలు

జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తగూడెంలో మా సంఘం సండే స్కూల్ టీచర్లకు పాత నిబంధన చరిత్ర చెబుతున్నాను. ఆదివారం ఆరాధన, భోజనాలు అయ్యాక రెండింటి నుంచి నాలుగింటి దాకా క్లాసు. పదకొండు మంది వస్తారు. ఇద్దరు టీచర్లు, ఒక నర్సు, టైలరింగ్ షాపు నడిపే ఒకామె, డిగ్రీ చదివే పిల్లలు నలుగురు, గృహిణులు ఇద్దరు, సింగరేణి అండర్‌గ్రౌండ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిన ఒక పెద్దాయన.

ఇశ్రాయేలు రాజుల కాలాన్ని మూడు నెలల్లో పూర్తి చేద్దామనుకున్నాను. యూదా రాజు హిజ్కియాకు ఒక్క వారం చాలనుకుంటే ఆరు వారాలు పట్టింది. ఒక్క ప్రశ్నకు నేను తొందరపడి తప్పు జవాబు చెప్పడంతో మొదలైంది అంతా. ఇలాంటి క్లాసులు నడిపేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి వారం: బోర్డు మీద అంకె

నేపథ్యం క్లుప్తంగా చెప్పాను. సొలొమోను చనిపోయాక, సుమారు క్రీ.పూ. 930లో, రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదా. ఉత్తర రాజ్యం రెండు వందల ఏళ్లు నిలిచి, క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యం చేతిలో కూలింది. దాని రాజధాని షోమ్రోను నుంచి 27,290 మందిని చెరపట్టుకుపోయానని అష్షూరు రాజు సర్గోను తన శాసనంలో లెక్క చెప్పుకున్నాడు. యూదా మాత్రం బతికింది. ఎందుకంటే హిజ్కియా తండ్రి ఆహాజు అప్పటికే అష్షూరుకు కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు.

క్రీ.పూ. 705లో సర్గోను యుద్ధంలో చనిపోయాడు. సామ్రాజ్యంలో నాలుగు దిక్కులా తిరుగుబాట్లు లేచాయి. హిజ్కియా కూడా కప్పం ఆపేశాడు. సర్గోను కొడుకు సన్హెరీబు ముందు బబులోను సంగతి చూసుకుని, క్రీ.పూ. 701లో పడమటికి దండెత్తి వచ్చాడు. యూదా పట్టణాలు ఒక్కొక్కటే పడిపోయాయి. హిజ్కియా తన పట్టణాల్లో ఒకటైన లాకీషులో ఉన్న అష్షూరు రాజుకు 'తప్పు నాదే, నువ్వు ఎంత వేస్తే అంత కడతాను' అని కబురు పంపాడు.

సన్హెరీబు వేసిన కప్పం రాజుల రెండవ గ్రంథం 18:14లో ఉంది. దాన్ని హెబ్రీ తూకమైన తలాంతుల్లో బోర్డు మీద రాశాను: బంగారం 30 తలాంతులు, వెండి 300 తలాంతులు. దాని కిందే సన్హెరీబు శాసనంలోని అంకెలు: బంగారం 30, వెండి 800. 'చూడండి, బంగారం దగ్గర రెండూ ఒకటే మాట చెబుతున్నాయి' అన్నాను.

టైలరింగ్ షాపామె చెయ్యెత్తింది. 'సార్, నా బైబిల్‌లో అరవై అని ఉన్నది. వెండి ఆరు వందలట.'

నేను ఈ సబ్జెక్టు ఇంగ్లీషు పుస్తకాల్లో చదువుకున్నాను. తెలుగు బైబిల్‌లో ఆ వచనాన్ని అంకె కోసం ఎప్పుడూ చూడలేదు. టైమ్ అయిపోతోంది. 'ప్రింటింగ్‌లో తప్పు పడి ఉంటుందమ్మా' అనేశాను. ఆమె ఇంకేం అనలేదు. పెన్సిల్‌తో ఆ వచనం పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది. పక్కనున్న ఇద్దరూ తమ బైబిళ్లు తీసి చూసుకున్నారు. వాళ్ల దాంట్లోనూ అరవైయే.

ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న గుర్తే కళ్ల ముందు కదిలింది. ముగ్గురి బైబిళ్లలో ఒకే తప్పు ఎలా పడుతుంది?

రెండో వారం: తూకం రాళ్లు

వారం మధ్యలో కూర్చుని రాజుల మొదటి గ్రంథం పదో అధ్యాయం తీశాను. షేబ దేశపు రాణి సొలొమోనుకు ఇచ్చిన బంగారం వేరే భాషల్లో 120 తలాంతులు. తెలుగులో 240 మణుగులు. సొలొమోనుకు ఏటా వచ్చే బంగారం అక్కడ 666 తలాంతులు. తెలుగులో 1,332 మణుగులు. అన్ని చోట్లా సరిగ్గా రెట్టింపు! విషయం అర్థమైంది. ఇది అచ్చుతప్పు కాదు. రాజుల గ్రంథాన్ని తెలుగు చేసినవాళ్లు హెబ్రీ తూకాన్ని అలాగే ఉంచకుండా, అప్పటి తెలుగువాళ్లు సంతలో రోజూ వాడే మణుగులోకి మార్చారు. ఒక తలాంతుకు రెండు మణుగులు కట్టారు. ముప్పై తలాంతులంటే అరవై మణుగులు. మూడు వందలంటే ఆరు వందలు.

తరువాతి ఆదివారం మొట్టమొదటగా ఈ సంగతే చెప్పాను. 'పోయిన వారం నేను చెప్పింది తప్పు. మీ బైబిల్ సరిగ్గానే ఉంది' అని ఆమెకు అందరి ముందూ చెప్పాను. మణుగంటే ఏమిటో డిగ్రీ పిల్లలకు తెలియదు. సింగరేణి పెద్దాయన అందుకున్నారు: 'ఎనిమిది వీశెలు ఒక మణుగు బిడ్డా. మా నాయిన మిరపకాయలు గట్లనే అమ్మేటోడు.'

తలాంతు సుమారు 30 కిలోలు. ముప్పై తలాంతులంటే తొమ్మిది వందల కిలోల బంగారం. మూడు వందల తలాంతుల వెండి తొమ్మిది టన్నులు. అష్షూరువాళ్లు చెప్పిన ఎనిమిది వందలైతే ఇరవై నాలుగు టన్నులు. అంకెలు కిలోల్లోకి మారాక క్లాసులో మాట మారింది. 'ఇంత ఎక్కడ నుంచి తెచ్చాడు సార్?' అని నర్సు అడిగింది. జవాబు వచనంలోనే ఉంది. మందిరంలోని, రాజభవనంలోని వెండి అంతా ఇచ్చేశాడు. తానే బంగారు రేకు తాపించిన మందిరపు తలుపులకు, స్తంభాలకు ఉన్న బంగారాన్ని తానే ఒలిపించాడు.

వెండి తేడా మిగిలిపోయింది కదా అన్నారు. నిజమే. అష్షూరు లెక్కలో మొత్తం దోపిడీ వెండి కలిసి ఉండొచ్చని కొందరు, రాజు గొప్ప కోసం పెంచి చెప్పాడని కొందరు అంటారు. నేను ఆ తేడాను సరిపెట్టే ప్రయత్నం చెయ్యలేదు. ఇద్దరు శత్రువులు విడివిడిగా రాసుకున్న లెక్కల్లో బంగారం ముప్పై దగ్గర కలవడమే నాకు పెద్ద విషయం.

మూడో వారం: ఇద్దరు సాక్షులను వేరుగా కూర్చోబెట్టడం

కాలేజీలో ఉన్నప్పటి నుంచి నాకొక పద్ధతి ఉంది. రెండు ఆధారాలుంటే వాటిని వెంటనే కలపనివ్వను. ఒక్కొక్కరి మాట పూర్తిగా విన్నాకే పక్కపక్కన పెడతాను. పోలీసులు సాక్షులను విడివిడిగా విచారించినట్టే.

క్లాసును రెండు జట్లు చేశాను. ఒక జట్టుకు రాజుల రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాలు. రెండో జట్టుకు సన్హెరీబు శాసనం సారాంశం నేనే తెలుగులో రాసి జిరాక్స్ తీయించి ఇచ్చాను. ఈ శాసనం కాల్చిన మట్టితో చేసిన ఆరు ముఖాల దిమ్మె మీద ఉంది. ఎత్తు మూరెడు కూడా ఉండదు. నీనెవెలో 1830లో దొరికింది. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

శాసనం జట్టు లేచి చెప్పింది: సన్హెరీబు యూదాలో 46 కోట పట్టణాలు పట్టుకున్నాడు. 2,00,150 మందిని బయటికి తీశానన్నాడు. ఎక్రోను రాజు పాదీని అక్కడి జనం గొలుసులతో కట్టి హిజ్కియాకు అప్పగిస్తే, అతణ్ని విడిపించి మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడు. హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించానన్నాడు. యూదా పొలాలూ ఊళ్లూ తీసి అష్డోదు, ఎక్రోను, గాజా రాజులకు పంచాడు. బంగారం, వెండి, దంతపు మంచాలు, హిజ్కియా కూతుళ్లు, పాటలు పాడే ఆడవాళ్లు, మగవాళ్లు తన వెనకే నీనెవెకు వచ్చారన్నాడు.

బైబిల్ జట్టు చెప్పింది: పట్టణాలు పోయాయి, హిజ్కియా కప్పం కట్టాడు. అయినా అష్షూరు రాజు పంపిన రబ్షాకే యెరూషలేము గోడ దగ్గరికి వచ్చి బెదిరించాడు. హిజ్కియా ప్రార్థించాడు, ప్రవక్త యెషయా ధైర్యం చెప్పాడు, యెహోవా దూత ఒక్క రాత్రిలో లక్షా ఎనభై ఐదు వేల మందిని హతం చేశాడు. సన్హెరీబు వెనక్కి వెళ్లిపోయాడు. తరువాత తన కొడుకుల చేతిలోనే చచ్చాడు.

మూడో కాగితం మీద 'ఇద్దరూ ఒప్పుకున్నవి' అని రాయించాను. యూదా పట్టణాలు కూలాయి. కప్పం కట్టారు. హిజ్కియా గద్దె మీదే మిగిలాడు. ఇక్కడ ఒక డిగ్రీ అమ్మాయి మంచి మాట అంది: 'సార్, యెరూషలేము పట్టుకున్నానని సన్హెరీబు ఎక్కడా చెప్పలేదు. పంజరంలో పెట్టానన్నాడు గానీ పంజరం తీసి పిట్టను పట్టుకున్నానని అనలేదు.' చిన్న ఊరు పట్టుకున్నా డప్పు కొట్టుకునే రాజు, రాజధానిని పట్టుకుంటే చెప్పకుండా ఉండడు.

ఇంకో సంగతిని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. ఇదే కథ యెషయా 36లో దాదాపు మాటకు మాటగా ఉంది. కానీ హిజ్కియా తప్పు ఒప్పుకుని కప్పం కట్టిన మూడు వచనాలు అక్కడ లేవు. మొదటి వచనం నుంచి నేరుగా రబ్షాకే రావడంలోకి వెళ్తుంది. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 32లోనూ కప్పం ఊసు లేదు. అంటే తమ మంచి రాజు తలుపుల బంగారం ఒలిచి శత్రువుకిచ్చిన సంగతిని రాజుల గ్రంథం రాసినవాళ్లు దాచలేదు. దాచాలంటే దాచొచ్చు, పక్క గ్రంథాలే అందుకు సాక్ష్యం. తమకు సిగ్గుచేటైన మాటను తామే చెప్పే సాక్షి మీద నాకు గురి ఎక్కువ. ఆ రోజు క్లాసులో అదే చెప్పాను.

రబ్షాకే అనేది పేరు కాదని కూడా అక్కడే చెప్పాను. అదే వచనంలో అతనితోపాటు వచ్చిన తర్తాను అంటే సైన్యాధిపతి, రబ్సారీసు నపుంసక అధికారుల పెద్ద, రబ్షాకే పానదాయకుల అధిపతి. మూడూ అష్షూరు కొలువులో హోదాలు. తెలుగులో చదివితే ముగ్గురు మనుషుల పేర్లలా ఉంటాయి. మన దగ్గరికి వచ్చిన విదేశీయుడు కలెక్టర్‌ను, తహసీల్దార్‌ను పేర్లనుకుని రాసుకున్నట్టు.

ఆ రబ్షాకే యూదా భాషలోనే అరుస్తాడు. హిజ్కియా అధికారులు బతిమాలతారు: మాతో అరామిక్‌లో మాట్లాడండి, మాకు వచ్చు, గోడ మీదున్న జనం వినేలా యూదా భాషలో వద్దు. వాడు వినడు. నేను వచ్చిందే వాళ్లకు చెప్పడానికి, మీతోపాటు తమ మలం తిని, తమ మూత్రం తాగే గతి పట్టేది వాళ్లకే కదా అంటాడు. అధికారుల భాష ఒకటి, జనం భాష ఒకటి. ముట్టడి కష్టం మోయాల్సింది జనం. ఈ వచనాలు చదివేటప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

నాలుగో వారం: లాకీషు

గృహిణుల్లో ఒకామె కొడుకు లండన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. నేను అడగకుండానే ఆమె అతనికి ఫోన్ చేసి మ్యూజియంకు పంపింది. అతను వాట్సాప్‌లో పంపిన ఫోటోలు టీవీకి కనెక్ట్ చేసి చూపించాను.

నీనెవెలో సన్హెరీబు భవనంలో ఒక గది గోడలన్నీ లాకీషు ముట్టడి బొమ్మలే. లేయార్డ్ అనే ఇంగ్లీషాయన 1840లలో తవ్వి తీశాడు. ఏటవాలుగా కట్టిన దిబ్బ మీద యంత్రాలు గోడకేసి ఎక్కుతున్నాయి. పైనుంచి యూదావాళ్లు మండే దివిటీలు విసురుతుంటే, యంత్రం లోపలి సైనికుడు పొడుగు గరిటెతో నీళ్లు పోస్తున్నాడు. ఒక పక్కన ముగ్గురిని కొయ్యలకు గుచ్చి నిలబెట్టారు. సింహాసనం మీద కూర్చున్న సన్హెరీబు ముందుకు చెరపట్టినవాళ్లు నడుస్తున్నారు. అతని ముఖాన్ని తరువాత ఎవరో చెక్కేశారు.

ఒక ఫోటో దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. ఎద్దుబండి. సామాన్ల మూటల మీద ఆడవాళ్లు, పిల్లలు కూర్చున్నారు. ఎద్దు పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ముందు ఇంటి మగవాడు నడుస్తున్నాడు. నర్సు ఫోటోను జూమ్ చేయించి, పిల్లవాడి చెయ్యి తల్లి వైపు చాచి ఉందని చూపించింది. సన్హెరీబు లెక్కలో వీళ్లు 2,00,150లో ఒక భాగం. ఆ అంకె పెంచి చెప్పిందేనని చాలామంది పండితుల అభిప్రాయం. అయినా ఆ బండి నిజం.

లాకీషు యెరూషలేముకు నైరుతిగా నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. తవ్వకాల్లో ఆ ముట్టడి దిబ్బ నిజంగానే బయటపడింది, రాళ్లతో సహా. కాలిపోయిన పొరలో బాణపు ములుకులు, వడిసెల రాళ్లు దొరికాయి. 'రాజుకు చెందినది' అని హెబ్రీలో ముద్ర వేసిన జాడీల పిడులు వందల్లో దొరికాయి. యుద్ధానికి ముందు హిజ్కియా అధికారులు నూనె, ద్రాక్షారసం నిల్వ చేయించిన ఏర్పాటు అది. ఇంత సిద్ధపడ్డా లాకీషు నిలవలేదు. లాకీషు పేరు రాజుల గ్రంథంలో వస్తుంది గానీ అక్కడ ఏం జరిగిందో ఆ గ్రంథం చెప్పదు. సన్హెరీబేమో యెరూషలేమును బొమ్మగా చెక్కించుకోలేకపోయాడు కాబట్టి లాకీషును చెక్కించుకున్నాడని నా అభిప్రాయం.

ఐదో వారం: నీళ్లు

ఇది పెద్దాయన వారం. హిజ్కియా కొలను, కాలువ కట్టించి పట్టణంలోకి నీళ్లు రప్పించాడని రాజుల రెండవ గ్రంథం 20:20లో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం వెనక ఉన్నది కొండ లోపల 533 మీటర్ల సొరంగం. గోడ బయటి గీహోను ఊట నుంచి లోపలి సిలోయము కోనేటి వరకు. మొదలుకూ చివరకూ మధ్య వాలు ఇంచుమించు ఒక అడుగే.

రెండు వైపుల నుంచి రెండు జట్లు తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలిశాయి. ఉలి దెబ్బల గుర్తులు ఒక చోటు దాకా ఒక దిక్కుకు, అక్కడి నుంచి ఎదురు దిక్కుకు ఉంటాయి. కలిసే చోటికి దగ్గరలో సొరంగం అటూ ఇటూ వంకర్లు పోతుంది. ఆ సంగతి చెప్పే శాసనం 1880లో సొరంగం గోడ మీద దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా అవతలివాడు పిలిచే గొంతు వినబడిందని, తవ్వేవాళ్లు గొడ్డలికి గొడ్డలి ఎదురుగా కొట్టి కలిశారని, నీళ్లు 1,200 మూరలు పారాయని అందులో ఉంది. రాజు పేరు లేదు. దేవుని పేరు లేదు. పనివాళ్ల మాట మాత్రమే ఉంది.

పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగారు. 'రాయి మాట్లాడతది సారూ. అవతల దెబ్బ పడితే ఇవతల చెయ్యికి తెలుస్తది. చెవి ఆనించి వింటం. ఆ వంకర్లు తప్పిపోయి కాదు, సప్పుడు ఎటు నుంచి వస్తే అటు తిరిగిండ్రు.' ఆ వంకర్ల గురించి పండితులు పెద్ద పెద్ద వ్యాసాలే రాశారు. చప్పుడు వెంట తిరిగారన్న వివరణ వాటిలోనూ ఉంది. ఆయన అది చదవలేదు, చేతితో తెలుసుకున్నారు. మిగతా గంట ఆయనే క్లాసు తీసుకున్నారు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను.

చివరి పది నిమిషాల్లో యెషయా 22 చదివించాను. గోడ గట్టి చేయడానికి యెరూషలేములో ఇళ్లు లెక్కపెట్టి పడగొట్టారని అక్కడ ప్రవక్త మందలిస్తాడు. 1970లలో అవిగాద్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఏడు మీటర్ల మందం గోడ ఒకటి బయటపెట్టాడు. దాని కింద అప్పటి ఇళ్ల పునాదులున్నాయి. ఇల్లు పోయిన కుటుంబాలకు ఏమైనా ఇచ్చారా అని టీచర్లలో ఒకాయన అడిగాడు. వచనం ఆ మాట చెప్పదు.

ఆరో వారం: కుదరని సంవత్సరాలు

దీన్ని త్వరగా ముగించాను. షోమ్రోను హిజ్కియా ఆరో ఏట కూలిందని రాజుల రెండవ గ్రంథం 18:10 చెబుతుంది. అది 722 ప్రాంతం. అలాగైతే పద్నాలుగో ఏడు 714 అవుతుంది. కానీ సన్హెరీబు వచ్చింది పద్నాలుగో ఏట అని 18:13 అంటుంది. అది 701. పదమూడేళ్ల తేడా. హిజ్కియా మొదట తండ్రితో కలిసి ఏలాడని ఒక వివరణ. ఇంకోటి నాకు నచ్చింది. హిజ్కియా మొత్తం 29 ఏళ్లు ఏలాడు, రోగం నుంచి లేచాక 15 ఏళ్లు కలిశాయి. 29లోంచి 15 తీస్తే 14. కాబట్టి పద్నాలుగో ఏడు మొదట ఆ రోగం కథకు చెందినదై, కథలు పక్కపక్కన చేరినప్పుడు ఇక్కడికి వచ్చి ఉండొచ్చు. డిగ్రీ పిల్లలు బోర్డు మీద తీసివేత చేసి చూసుకున్నారు.

దూత హతం చేసిన సంగతి శాసనంలో ఎందుకు లేదని కూడా అడిగారు. అష్షూరు రాజులు తమ ఓటమిని గోడ మీద చెక్కించుకోరు. అందువల్ల ఆ మౌనం అటు రుజువూ కాదు, ఇటు రుజువూ కాదు. నేను విశ్వాసిని. ఆ రాత్రి దేవుడు తన పట్టణాన్ని కాపాడాడని నమ్ముతాను. ఆ నమ్మకాన్ని మట్టి దిమ్మెతో రుజువు చెయ్యబోను. సన్హెరీబు కొడుకుల చేతిలో చావడం మాత్రం రెండు వైపులా ఉంది. క్రీ.పూ. 681లో జరిగింది. ఇంకో కొడుకు ఎసర్హద్దోను రాజయ్యాడు. అంటే యెరూషలేము నుంచి వెళ్లాక ఇరవై ఏళ్లకు. వచనంలో పక్కపక్కనే ఉండటంతో వెంటనే జరిగిందనుకుంటాం.

ఈసారి మార్చేవి

మొదటి రోజే గోడకు మ్యాప్ తగిలిస్తాను. లాకీషు ఎటుందో తెలియక రెండు వారాలు వృథా అయ్యాయి. తెలుగు బైబిల్‌లో నేను వాడే ప్రతి అంకెనూ ముందు రోజు రాత్రే చూసుకుంటాను. జవాబు తెలియకపోతే 'వచ్చే వారం చెబుతాను' అంటాను.

టైలరింగ్ షాపామె తన సండే స్కూల్ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు అట్టతో మందిరపు తలుపులు చేసి, షాపులోని జరీ కాగితం అంటించింది. పిల్లల చేతనే అది ఒలిపించింది. 'మళ్లీ ఎప్పుడు అంటించారు టీచర్?' అని ఒక పిల్లవాడు అడిగాడట. ఆమె ఆ ప్రశ్నను నా దగ్గరికి తెచ్చింది. రాజుల గ్రంథంలో అంటించినట్టు లేదు. హిజ్కియా కొడుకు మనష్షే 55 ఏళ్లు ఏలాడు. ఎసర్హద్దోను తన కట్టడాలకు కలప, రాళ్లు మోయించిన ఇరవై రెండు మంది సామంత రాజుల జాబితాలో యూదా రాజు మనష్షే పేరు ఉంది. ఆ జాబితా తెలుగులో రాసి జిరాక్స్ తీయించాను. వచ్చే ఆదివారం అక్కడి నుంచి మొదలుపెడతాం.